జెట్ బోటు: రివర్స్ సగమే పడితే, న్యూట్రల్‌లో నిలవకపోతే

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. పోయిన వేసవిలో 23 అడుగుల పాత యమహా జెట్ బోటు ఒకటి కొన్నాం. రెండు ఇంజిన్లు, రెండు లివర్లు. లూయిస్‌విల్ లేక్‌లో తిప్పుతాం, మిగతా రోజులు ట్రైలర్ మీదే ఉంటుంది. ఈ సీజన్‌లో ఎడమ లివర్ బాగా బిగిసిపోయింది. రివర్స్‌లోకి లాగితే సగం వరకే పడుతున్నట్టుంది. బోటు తిన్నగా వెనక్కి రాకుండా ముక్కు కుడికి తిరిగిపోతోంది. న్యూట్రల్‌లో పెట్టినా ఒక్కోసారి ముందుకు, ఒక్కోసారి వెనక్కి పాకుతోంది. రెండు వారాల కిందట డాక్‌కి కొట్టుకుంది, అదృష్టం కొద్దీ పక్కన ఎవరూ లేరు. రిపేరు షాపులో ఫోటోలు చూసి రెండు షిఫ్ట్ కేబుళ్లూ, కంట్రోల్ బాక్సూ మార్చాలన్నారు. నిజంగా అంత అవసరమా? జెట్ బోటు న్యూట్రల్‌లో కదలడం మామూలేనని కొందరంటున్నారు. ఇంట్లో మేమే చూసుకోదగ్గది ఏమైనా ఉందా?

సమాధానం: మీ బోటులో గేర్లే లేవు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మీరు రాసిన మూడు బాధలకూ మూలం ఒక్కచోటే ఉందని తెలుస్తుంది. ఇంజిన్ నుంచి షాఫ్ట్ నేరుగా ఇంపెల్లర్‌కి, అంటే పంపులో నీళ్లను తోసే రెక్కల చక్రానికి వెళ్తుంది. మధ్యలో క్లచ్ లేదు, గేర్ బాక్స్ లేదు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ పంపు నీళ్లను వెనక్కి చిమ్ముతూనే ఉంటుంది. లివర్‌తో మీరు కదిలించేది నాజిల్ (నీళ్లు బయటికి చిమ్మే మూతి) వెనక వేలాడే బకెట్‌ను మాత్రమే. బకెట్ పూర్తిగా పైకి లేచి ఉంటే నీళ్లు తిన్నగా వెనక్కి పోతాయి, బోటు ముందుకు పోతుంది. బకెట్ పూర్తిగా కిందికి దిగితే నీళ్లు దాని లోపలి వంపుకి కొట్టుకుని బోటు అడుగు కిందుగా ముందుకు మళ్లుతాయి, బోటు వెనక్కి వస్తుంది. సగంలో ఆగితే కొన్ని నీళ్లు వెనక్కి, కొన్ని ముందుకి పోయి ఒకదానికొకటి సరిపోతాయి. న్యూట్రల్ అంటే అంతే. కారులో న్యూట్రల్ అంటే బంధం తెంచడం. ఇక్కడ న్యూట్రల్ అంటే తక్కెడ సమంగా నిలబడటం.

కాబట్టి న్యూట్రల్‌లో కాస్త కదలడం మామూలే అన్నవాళ్లు సగం నిజం చెప్పారు. గాలి తోసినా కదులుతుంది, తక్కెడ రవ్వంత అటూ ఇటూ అయినా కదులుతుంది. కానీ మీకు ఒక్కోసారి ముందుకి, ఒక్కోసారి వెనక్కి అంటున్నారే, అది మామూలు కాదు. ముందుకు పోయే స్థానం నుంచి న్యూట్రల్‌కి తెచ్చినప్పుడు బకెట్ ఒకచోట, రివర్స్ నుంచి తెచ్చినప్పుడు ఇంకోచోట ఆగుతోందన్నమాట. లివర్‌కీ బకెట్‌కీ మధ్య ఎక్కడో లూజు ఉంది, లేదా పట్టేసి జరగాల్సినంత జరగడం లేదు. ఇక సగం పడిన రివర్స్ సంగతి. బకెట్ సగం దిగితే వచ్చేది సగం రివర్స్ కాదు, న్యూట్రల్. ఎడమ పంపు న్యూట్రల్‌లో ఉండి కుడి పంపు ఒక్కటే వెనక్కి లాగుతుంటే ముక్కు కుడికే తిరుగుతుంది. మీరు రాసింది దీనికి అచ్చంగా సరిపోయింది. తప్పు ఎడమ వైపే ఉంది. కుడి కేబుల్ మార్చమనడానికి ఇప్పటివరకు ఏ ఆధారమూ లేదు.

డాక్‌కి కొట్టుకోవడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ తరహా లివర్‌లో మొదటి భాగం బకెట్‌ను కదిలిస్తుంది, ఆ తర్వాతి భాగం యాక్సిలరేటర్‌ను తెరుస్తుంది. కేబుల్ బిగుసుకుంటే చెయ్యి బలంగా లాగుతుంది, లివర్ ఒక్కసారిగా వదులై మొదటి భాగం దాటేస్తుంది, బకెట్ ఇంకా దిగకముందే ఇంజిన్ పుంజుకుంటుంది. వెనక్కి రావాల్సిన బోటు ముందుకు దూకుతుంది. ఇది సరయ్యేదాకా బోటును నీళ్లలోకి దించకండి. పిల్లలు ఈత కొట్టే చోటికి అసలే వద్దు.

ఇక పని. ట్రైలర్ మీద చేసే పనికి ఇంజిన్ స్టార్ట్ చేయాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాదు. ట్రైలర్‌ను చదునైన చోట నిలిపి, చక్రాలకు అడ్డం పెట్టి, తాళం చెవి తీసి, లాన్యార్డ్ తాడు (నడిపేవాళ్లు తగిలించుకునేది, ఊడితే ఇంజిన్ ఆగిపోతుంది) పీకి, బ్యాటరీ స్విచ్‌లు ఆఫ్ చేయండి. తాళం చెవి బోటు వెనక పనిచేసే మనిషి జేబులోనే ఉండాలి, లివర్ దగ్గర కూర్చున్న మనిషి దగ్గర కాదు. 10, 12 నంబర్ల పానాలు, మంచి టార్చి, పేపర్ టేపు, స్టీలు స్కేలు, ఇత్తడి బ్రష్, 400 నంబరు తడి ఎమరీ కాగితం, నీటికి కరగని మెరైన్ గ్రీజు, తుప్పు వదిలించే స్ప్రే, బోల్టు తనంతట తాను వదులవకుండా పట్టి ఉంచే నీలం రంగు థ్రెడ్ లాకర్ ఉంటే చాలు.

మొదట ఏదీ విప్పకండి. రెండు ఇంజిన్ల బోటులో మీకున్న పెద్ద లాభం ఏమిటంటే, పక్కనే ఒక మంచి నమూనా ఉంది. కుడి బకెట్ ఎలా ఉందో ఎడమది అలా ఉండాలి. లివర్ దగ్గర ఒకరు కూర్చుని ఫార్వర్డ్, న్యూట్రల్, రివర్స్ అని చెబుతూ మెల్లగా మార్చాలి. వెనకున్నవాళ్లు మూడు స్థానాల్లోనూ రెండు బకెట్ల కింది అంచు ఎక్కడ ఆగిందో చూడాలి. ఫోటోలు తీస్తే ఇంకా మంచిది. తర్వాత బోటు గోడలోంచి బయటికొచ్చే కేబుల్ కడ్డీకి టేపు చిన్న ముక్క చుట్టి, పూర్తి ఫార్వర్డ్ నుంచి పూర్తి రివర్స్‌కి అది ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో స్కేలుతో కొలవండి. రెండు వైపులా కొలవండి. అంకె ఎంతన్నది ముఖ్యం కాదు, తేడా ఎంతన్నదే ముఖ్యం. ఎడమ కడ్డీ కుడిదానికంటే తక్కువ జరుగుతుంటే జబ్బు కేబుల్‌లోనో బాక్సులోనో ఉండొచ్చు, బకెట్ పట్టేసి కడ్డీని అడ్డుకుంటుండొచ్చు కూడా. కడ్డీ సమానంగానే జరిగినా బకెట్ తక్కువ తిరుగుతుంటే మాత్రం తప్పు కడ్డీకి ఈవలే, బకెట్ కీళ్లలోనే ఉంది.

న్యూట్రల్‌ను రెండు వైపుల నుంచీ చూడటం మర్చిపోకండి. ఫార్వర్డ్ నుంచి వచ్చి ఆగినప్పుడు బకెట్ అంచు దగ్గర పెన్సిల్ గీత గీయండి, రివర్స్ నుంచి వచ్చి ఆగినప్పుడు ఇంకో గీత. కుడి బకెట్‌కీ ఇలాగే చేయండి. రెండు గీతల మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు ఏ బోటులోనైనా ఉంటాయి. ఎడమ వైపు వేలి వెడల్పు కనిపిస్తే మీ ముందుకీ వెనక్కీ పాకుడు రహస్యం అక్కడే ఉంది.

ఇప్పుడు లివర్ నుంచి బకెట్ దాకా ఉన్న వరుసను రెండుగా విడదీసి చూడాలి. బకెట్‌కి కేబుల్ తగిలే చోట బాల్ జాయింట్ ఉంటుంది. కొన్నిటికి స్ప్రింగ్ తొడుగు వెనక్కి లాగితే ఊడుతుంది, కొన్ని బోల్టు, నట్టుతో ఉంటాయి. దాన్ని విడదీసి బకెట్‌ను చేత్తో పైకీ కిందికీ ఊపండి. రెండు వేళ్లతో జారినట్టు కదలాలి, వదిలేస్తే తన బరువుకి తానే పడాలి. ఎక్కడైనా పట్టేసినా, కిర్రుమన్నా, గట్టిగా నెడితేగానీ కదలకపోయినా కేబుల్ జోలికి పోకండి. దొంగ బకెట్ కీళ్లలోనే ఉన్నాడు. బకెట్ హాయిగా ఊగుతుంటే అప్పుడు లివర్ కదిలించి చూడండి. కేబుల్ గాలిలో వేలాడుతున్నా లివర్ ఇంకా బిగువుగానే ఉంటే, కంట్రోల్ బాక్సు దగ్గర కూడా కేబుల్‌ను విప్పండి. విప్పేముందు ఫోటో తీయండి, ఏ రంధ్రంలో పిన్ను ఉందో తర్వాత గుర్తుండదు. కేబుల్ లేకుండా లివర్ తేలిగ్గా తిరిగి, న్యూట్రల్ దగ్గర టక్కున ఆగితే బాక్సు మంచిదే. అది మార్చాల్సిన పనిలేదు. కేబుల్‌ను రెండు కొసలూ పట్టుకుని విడిగా లాగి నెట్టి చూస్తే దాని గుట్టు అదే బయటపెడుతుంది.

ఇదంతా గంటలోపు పని. ఇది చేయకుండా రెండు కేబుళ్లూ, బాక్సూ కొని చివరికి ఒక ఎండిపోయిన బోల్టు దగ్గర తేలితే, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే.

మీ లక్షణాలు చూస్తే మా అనుమానం మొదట బకెట్ కీళ్ల మీద, తర్వాత కేబుల్ మీద. ఎందుకంటే మీకు లివర్ బిగువుగానూ ఉంది, జరుగుడు తక్కువగానూ ఉంది. ఈ రెండూ కలిసి ఉంటే అవతలి కొసలోనో మధ్యలోనో ఏదో పట్టేసిందని అర్థం. లోపలి తీగ ముందుకు పోలేక పై తొడుగు విల్లులా వంగుతుంది, మీరు పెట్టిన బలం ఆ వంపులో పోతుంది. అదే లివర్ మెత్తగా తిరుగుతూ బకెట్ మాత్రం సగమే పడితే లెక్క వేరు. అప్పుడు చూడాల్సింది కేబుల్ తొడుగును పట్టి ఉంచే క్లాంపులు. లివర్ కదిలిస్తున్నప్పుడు ఇంజిన్ గదిలోనూ బాక్సు దగ్గరా కేబుల్ పై తొడుగు మీద వేలు పెట్టండి. తొడుగు కదలకూడదు, లోపలి తీగే కదలాలి. తొడుగు కూడా అటూ ఇటూ జారుతుంటే క్లాంపు వదులైందని లెక్క, ఒక స్క్రూ బిగిస్తే పనైపోతుంది.

బకెట్ కీళ్లలో జరిగేదిది. బకెట్ అల్యూమినియం, దాన్ని పట్టి ఉంచే బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలు. ఈ రెండు లోహాలు తడిలో పక్కపక్కనే ఉంటే అల్యూమినియం మెల్లగా తినిపోయి తెల్లటి పిండిలా మారుతుంది. ఉప్పు నీటిలో త్వరగా, మీ సరస్సు లాంటి మంచి నీటిలో నిదానంగా. ఆ పిండి రంధ్రంలో చేరి బుష్‌ను (బోల్టు చుట్టూ ఉండే గొట్టంలాంటి ముక్కను) నలువైపుల నుంచీ నొక్కేస్తుంది, కీలు బిగుసుకుంటుంది. పైపైన స్ప్రే కొడితే వారం బాగుంటుంది, మళ్లీ అదే. బోల్టులు విప్పి తీయాల్సిందే. ముందు రోజు రాత్రి స్ప్రే కొట్టి ఉంచండి. మర్నాడు పానా పెట్టి ఒక్కసారిగా తిప్పకుండా, కొంచెం బిగించి కొంచెం వదులుతూ విప్పండి. అల్యూమినియంలో బోల్టు విరిగితే అది వేరే పెద్ద కథ అవుతుంది. బుష్ తీసి, రంధ్రాన్ని ఇత్తడి బ్రష్‌తోనూ 400 నంబరు తడి ఎమరీ కాగితంతోనూ తెల్ల పిండి పోయి లోహం మెరిసేదాకా శుభ్రం చేయండి. రంధ్రాన్ని పెద్దది చేయకండి, పిండి పోతే చాలు. బుష్ గుండ్రంగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలో అరిగి ఉంటే కొత్తది వేయండి. మీ న్యూట్రల్ లూజు సగం అక్కడిదే అయి ఉండొచ్చు. బుష్‌కి, బోల్టు నున్నటి భాగానికి గ్రీజు పట్టించండి. బోల్టు మరల (థ్రెడ్ల) మీద మాత్రం గ్రీజు వద్దు, అక్కడ నీలం థ్రెడ్ లాకర్ రెండు చుక్కలు. నైలాన్ నట్లు ఉంటే పాతవి మళ్లీ వాడకండి.

ఇక్కడే చాలామంది చేసే తప్పు ఇంకోటి ఉంది. బకెట్ లూజుగా ఊగుతోందని ఆ బోల్టులను బలంకొద్దీ బిగిస్తారు. బుష్ నలిగి బకెట్ పట్టేస్తుంది, లివర్ బిగుసుకుంటుంది, నింద కేబుల్ మీదకి పోతుంది. మీ బోటు పాత యజమాని చేతిలోనో, పోయిన సీజన్ సర్వీసులోనో ఇలా జరిగి ఉంటే ఒక్క పావు చుట్టు వదులు చేస్తేనే బకెట్ ఊపిరి పీల్చుకుంటుంది. మాన్యువల్‌లో రాసిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించండి.

తప్పు కేబుల్‌దే అని తేలితే దానికి నూనె పోసి బాగుచేయాలని చూడకండి. బయటి కొసన నీళ్లు దిగకుండా ఉండే రబ్బరు మూత, అంటే బూటు, ఎండకి చిట్లుతుంది. నీరు పల్లమెరుగు అన్నట్టు అక్కణ్నుంచి దిగిన నీళ్లు తొడుగు లోపల కిందుగా ఉన్న వంపులో చేరి నిలబడతాయి. లోపలి తీగ తుప్పు పట్టి ఉబ్బుతుంది. పరీక్షగా చూడాలంటే కేబుల్ కొసలు విప్పాక, బోటు లోపలి వైపు నుంచి తీగను నెట్టి బయటికొచ్చిన భాగం మీద టార్చి వేయండి. గోధుమరంగు మరక, గరుకుదనం, తడి కనిపిస్తే దాని పని అయిపోయింది. టెక్సాస్ చలికాలంలో గడ్డకట్టే ఉదయాన లివర్ అసలు కదలక, ఎండ ఎక్కాక వదులైందని మీకు గుర్తుంటే అదీ సాక్ష్యమే. లోపల నీళ్లు మంచుకట్టి కరిగాయన్నమాట. అలాంటప్పుడు బలంగా లాగితే బాక్సులో ప్లాస్టిక్ ముక్క విరుగుతుంది. ఈ మెరైన్ కేబుళ్లకు లోపల జారుడు పూత ఫ్యాక్టరీలోనే వేసి మూసేస్తారు. మనం కొట్టే స్ప్రే ఆ పూతను కడిగేస్తుందే తప్ప తుప్పును తీయదు.

కొత్త కేబుల్ తెచ్చేటప్పుడు పాతదాని తొడుగు మీద అచ్చు వేసిన నంబరు చూసి అదే పొడవు తీసుకోండి. పొడవు ఎక్కువైతే చుట్టలు చుట్టి ఎక్కడో కుక్కాల్సి వస్తుంది, ప్రతి వంపూ లివర్‌కి బరువే. 8 అంగుళాల వ్యాసార్థం కంటే చిన్న వంపు రాకుండా చూడండి. పాత కేబుల్ కొసకి గట్టి దారం కట్టి, పాతది లాగుతుంటే దారం దాని వెంటే వచ్చేలా చేస్తే కొత్తదాన్ని అదే దారిలో తెచ్చుకోవచ్చు. బోటు గోడలోంచి కేబుల్ బయటికి పోయే చోటుని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. బోటు నీళ్లలో ఆగి ఉన్నప్పుడు ఆ రంధ్రం నీటి మట్టానికి దగ్గరగానో, కిందనో ఉంటుంది. అక్కడి నట్టు, రబ్బరు సీలు సరిగ్గా కూర్చోకపోతే బోటులోకి నీళ్లు వస్తాయి. పాత సీలు మళ్లీ వాడకండి.

కుడి కేబుల్ కూడా మార్చాలా? పరీక్షలో అది హాయిగా కదిలితే అక్కర్లేదన్నదే మా మాట. ఎడమది తీయడానికి సీట్లూ ప్యానెళ్లూ చాలా విప్పాల్సి వచ్చి, రెండింటి వయసూ ఒకటే అయి, కుడి బూటు కూడా చిట్లి ఉంటే మాత్రం ఒకే కష్టంలో రెండూ వేయించుకోవడం తెలివైన పని. బూటు ఒక్కటే చిట్లి తీగ పొడిగా ఉంటే కొత్త బూటు వేసి వదిలేయండి.

కీళ్లు, కేబుల్ సరయ్యాక చేయాల్సింది సర్దుబాటు. ముందు చేయకూడదు. చాలామంది రివర్స్ సగమే పడుతోందనగానే జాయింట్ తిప్పి కేబుల్ పొడవు మారుస్తారు. లివర్ పూర్తిగా తిరిగితే కడ్డీ ఎంత జరగాలో బాక్సు నిర్ణయిస్తుంది. జాయింట్ తిప్పితే ఆ జరుగుడు పెరగదు, మొత్తంగా ఒక పక్కకి తప్పుకుంటుంది అంతే. జరుగుడే తక్కువైన బోటులో రివర్స్ పూర్తిగా పడేలా తిప్పారనుకోండి, అవతల ఫార్వర్డ్‌లో బకెట్ పూర్తిగా లేవదు. దాని అంచు నీటి ధారకి అడ్డం పడుతుంది. వేగం తగ్గుతుంది, వెనక నీళ్లు పైకి ఎగజిమ్ముతాయి, ధార దెబ్బకి బకెట్ అదురుతూ కీళ్లు ఇంకా అరుగుతాయి. ఒక జబ్బు పోయి ఇంకోటి వస్తుంది.

సరైన క్రమం ఇది. లివర్‌ను పూర్తి రివర్స్‌లో పెట్టండి. యాక్సిలరేటర్ కూడా తెరుచుకుంటుంది, ఇంజిన్ ఆగి ఉంది కాబట్టి ఫర్వాలేదు. బకెట్‌ను చేత్తో కింది స్టాపర్‌కి ఆనించండి. ఇప్పుడు జాయింట్ రంధ్రం బకెట్ మీది బంతికో పిన్నుకో తన్నుకోకుండా, లాగకుండా సరిగ్గా ఎదురు రావాలి. రాకపోతే లాక్ నట్టు వదులు చేసి జాయింట్‌ను తిప్పండి. ఒక పూర్తి చుట్టుకి, మరను బట్టి, 0.8 నుంచి 1 మిల్లీమీటరు జరుగుతుంది. అంటే తేడా చూడటానికి ఒక్క చుట్టు చాలు. ఎన్ని చుట్లు ఎటు తిప్పారో కాగితం మీద రాసుకోండి. కడ్డీ మర జాయింట్ లోపల కనీసం 8 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకంటే తక్కువ పట్టుతో వదిలేస్తే ఏదో ఒక రోజు సరస్సు మధ్యలో ఊడుతుంది. లాక్ నట్టు బిగించాక జాయింట్‌ను చేత్తో తిప్పి చూసి, కదలడం లేదని నిర్ధారించుకోండి.

తర్వాత పూర్తి ఫార్వర్డ్. వెనక నిలబడి నాజిల్ రంధ్రంలోకి తిన్నగా చూస్తే బకెట్ కింది అంచు ఎక్కడా అడ్డం కనిపించకూడదు. స్టీరింగ్‌ను పూర్తిగా ఎడమకీ, కుడికీ తిప్పి కూడా చూడండి. చివరికి న్యూట్రల్, కుడి బకెట్‌తో పోల్చి. రెండు కొసలూ బాగుండి న్యూట్రల్ ఒక్కటే తేడాగా ఉంటే, అప్పుడు బాక్సు లోపలి అరుగుదలను అనుమానించాలి. మీ మోడల్ మాన్యువల్‌లో న్యూట్రల్‌తో మొదలుపెట్టి సర్దమని ఉంటే ఆ పద్ధతే పాటించండి.

న్యూట్రల్ చివరి మెరుగు నీళ్లలోనే దొరుకుతుంది. గాలి లేని ఉదయం, జనం లేని చోట, ఒక్కో ఇంజిన్‌ను విడివిడిగా ఐడిల్‌లో ఉంచి చూడండి. బోటు కంటే నీటి మీద తేలే ఆకును చూడటం మేలు. గాలికి బోటు జరుగుతోందా, పంపు తోస్తోందా అన్నది అలాగే తెలుస్తుంది. ముందుకు పాకితే బకెట్ ఇంకాస్త దిగాలి, వెనక్కి పాకితే లేవాలి. ఇంజిన్ ఆపి, తాళం చెవి తీశాకే అరచుట్టు తిప్పి మళ్లీ చూడాలి. పది సెకన్లపాటు బోటు పెద్దగా జరగకుండా నిలబడితే అంతకంటే బాగా చేయక్కర్లేదు.

బకెట్ సరిగ్గా పడుతున్నా వెనక్కి లాగుడు బలహీనంగా ఉందనిపిస్తే యాక్సిలరేటర్ ఎక్కువ ఇస్తున్నారేమో చూసుకోండి. రివర్స్‌లో బకెట్ తోసే నీళ్లు గాలి బుడగలతో కలిసి బోటు కిందికే పోతాయి, పంపు వాటినే మళ్లీ పీల్చుకుంటుంది. గాలి కలిసిన నీటికి బలం ఉండదు. ఐడిల్ కంటే కొంచెం పైన పెట్టి ఓపిక పడితే ఎక్కువ లాగుతుంది. ముందుకీ వెనక్కీ రెండిటికీ బలం తగ్గితే మాత్రం అది బకెట్ సంగతి కాదు. పంపు నోట్లో నాచో, స్కీ తాడు ముక్కో, ఇంపెల్లర్ అంచు దెబ్బతినడమో. ఇంపెల్లర్ రెక్కకీ చుట్టూ ఉన్న గోడకీ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పల్చటి రేకులతో) కొలిస్తే 0.6 మిల్లీమీటర్లు దాటితే పంపు పనికి సమయం వచ్చినట్టే.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. లివర్ న్యూట్రల్‌లో ఉంటేనే ఇంజిన్ స్టార్ట్ అయ్యేలా స్విచ్ ఉంటుంది. చాలా బోట్లలో ఆ స్విచ్ చూసేది లివర్‌ను, బకెట్‌ను కాదు. కేబుల్ ఊడిపోయి బకెట్ పైకి లేచి ఉన్నా లివర్ న్యూట్రల్‌లో ఉంటే స్టార్ట్ అవుతుంది, అయిన క్షణమే బోటు ముందుకు పోతుంది. అందుకే స్టార్ట్ చేసేముందు వెనకా ముందూ ఎవరూ లేరని చూడటం, లాన్యార్డ్ తగిలించుకోవడం ఈ బోట్లలో తప్పనిసరి. 26 అడుగుల లోపు బోట్లలో ఇంజిన్ కటాఫ్ స్విచ్ ఉంటే దాన్ని వాడాలని 2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికా ఫెడరల్ నియమం కూడా ఉంది. వేగంలో ఉండగా బకెట్‌ను బ్రేకులా వాడాలని రివర్స్ లాగవద్దు. మనుషులు ముందుకు పడతారు, కీళ్లు విరుగుతాయి.

సరస్సు మధ్యలో కేబుల్ తెగితే ఇంజిన్లు ఆపి లంగరు వేయండి. తాళం చెవి జేబులో పెట్టుకుని, ఊడిన వైపు బకెట్‌ను పైకెత్తి మందపాటి జిప్ టైలతో గట్టిగా కట్టేయండి. అప్పుడు ఆ ఇంజిన్‌కి ఫార్వర్డ్ ఒక్కటే ఉంటుంది. దాన్ని స్టార్ట్ చేయకుండా రెండో ఇంజిన్‌తో మెల్లగా రావడమే క్షేమం. ఎవరైనా తాడు కట్టి లాగితే గంటకు 5 మైళ్లు దాటనివ్వకండి. ఎక్కువ వేగంలో ఆగి ఉన్న ఇంజిన్‌లోకి నీళ్లు తోసుకుపోతాయి.

షాపుకి మళ్లీ వెళ్లాల్సి వస్తే కొలిచిన అంకెలు, ఫోటోలు పట్టుకెళ్లండి. ఎడమ కడ్డీ ఎంత జరుగుతోంది, కుడిది ఎంత, బకెట్ విడిగా తేలిగ్గా ఊగిందా, లివర్ విడిగా తేలిగ్గా తిరిగిందా అని ఈ నాలుగు సంగతులు చెబితే ఫోటో చూసి ఊహించే పని వాళ్లకీ ఉండదు. బాక్సు మార్చాలంటే అందులో ఏ ముక్క అరిగిందో చూపించమని అడగండి. విప్పిన పాత భాగాలు మీకే ఇవ్వమని ముందే చెప్పండి.

కేబుల్ మార్చినా, దాని సీలు కదిపినా మొదటిసారి దించేటప్పుడు బోటును ట్రైలర్ పట్టీ వదలకుండానే నీళ్లలోకి తోయండి. టెక్సాస్‌లో సరస్సు వదిలి వెళ్లే ప్రతి బోటులోని నీళ్లన్నీ తీసేయాలన్న నియమం వల్ల మీరు డ్రెయిన్ ప్లగ్గు ప్రతిసారీ విప్పుతుంటారు, అది మళ్లీ బిగించారో లేదో ముందు చూసుకోండి. తర్వాత ఇంజిన్ గది మూత తెరిచి, కేబుల్ గోడలోంచి పోయే చోట పొడి టిష్యూ కాగితం చుట్టి పది నిమిషాలు ఆగండి. కాగితం పొడిగా ఉంటే పట్టీ వదలండి. తడిస్తే బోటును పైకి లాగి ఆ నట్టు మళ్లీ చూడండి.